కోరుట్లలో కట్టించిన బీటిల్ ఇంజన్

పాత కార్లున్న మిత్రులు కలిసినప్పుడల్లా నా బీటిల్ కారు వెనక మూత తెరిపించి, అక్కడుండే ఇంజన్‌ను చూస్తారు. ఇంత చిన్న కారు ఎత్తుల మీద ఇలా ఎలా లాగుతోందని అడుగుతారు. పదమూడు వందల సీసీ ఇంజన్‌ను పదహారు వందలకు పెంచి కట్టించానని చెబుతాను. ఎక్కడంటే, కోరుట్లలో అంటాను. అంత చిన్న ఊళ్ళోనా అని చాలామంది నమ్మరు. ఈమధ్య ఒకాయన తన కారుతో కోరుట్ల దారినే వెళ్ళాలనుకుంటున్నానని, నా ప్రయాణం గురించి వివరంగా రాయమని అడిగాడు. ఇన్నేళ్ళూ ఎవరడిగినా సగం చెప్పి మాట మార్చేవాణ్ణి. ఈసారి మొత్తం రాస్తున్నాను.

తొంభైల మొదట్లో సంగతి. నేను అప్పుడు హైదరాబాదులో ఒక బీమా సంస్థకు వాహనాల సర్వేయర్ని. ప్రమాదంలో దెబ్బతిన్న బండిని పరిశీలించి, ఏ భాగం ఎందుకు పాడైందో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. కారు మాత్రం ముచ్చటపడి కొన్నది. జర్మనీలో తయారైనది, వయసు పాతికేళ్ళు, ఫ్లైఓవర్ ఎక్కాలన్నా రెండో గేరులో మూలిగేది. నగరంలో ఇద్దరు మెకానిక్‌లు తమ వల్ల కాదన్నారు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు జర్మన్ కార్ల మీద పనిచేసి వచ్చిన ఒకాయన కోరుట్లలో రిపేరు షెడ్డు పెట్టాడని ఒక లారీ యజమాని చెప్పాడు. బొంబాయి నుంచి పెద్ద పిస్టన్లు, సిలిండర్ల సెట్టు తెప్పించుకుని, వారం సెలవు పెట్టి బయల్దేరాను.

పొద్దున్న ఐదున్నరకు ఇల్లు వదిలి, సిద్దిపేట మీదుగా తొమ్మిదిన్నరకు సిరిసిల్ల చేరాను. మధ్యలో రెండుసార్లు ఇంజన్ చల్లారే వరకు ఆగాల్సి వచ్చింది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు బస్టాండు దాకా వినిపిస్తుంది. అక్కడి హోటల్లో ఉప్మా, చాయ్ తీసుకున్నాను. హోటలాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎటు పోతున్నానని అడిగాడు. కోరుట్ల అన్నాను.

“యాములాడ మీదికెల్లి పోండ్రి సార్, రెండు గంటల్ల పోతరు. తొవ్వల ఎవలు ఆపినా ఆగుండ్రి. పోలీసోల్లు గానీ, అన్నలు గానీ. ఆపినంక ఎట్లన్నా మాట్లాడుకోవచ్చు,” అన్నాడు.

యాములాడంటే వేములవాడ. ఆ రోజుల్లో అక్కడ అన్నలంటే నక్సలైట్లని వేరే చెప్పాల్సిన పనిలేదు. నన్ను దారిలో ఎవరూ ఆపలేదు. పన్నెండున్నరకల్లా లారీ యజమాని చెప్పిన ఆ మెకానిక్, గంగారాం షెడ్డు ముందు ఉన్నాను.

గంగారాంకి నలభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. షెడ్డు వెనకే ఇల్లు. కారు స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నాడు. “ఇంజన్ల జీవమున్నది సార్. ఊపిరి సాల్తలేదు, అంతే,” అన్నాడు. కువైట్ నుంచి వచ్చాక తన చేతికి ఇలాంటి బండి ఒక్కటీ రాలేదట. ట్రాక్టర్లు, జీపులే. “పోలీసు జీపు బాగుజేస్తే అన్నలు ఎందుకు జేసినవంటరు. జెయ్యకుంటే పోలీసోల్లు ఎందుకు జేస్తలేవంటరు. గీ తాబేలు బండి నయం, ఇద్దరిదీ గాదు,” అని నవ్వాడు.

సాయంత్రానికి ఇంజన్‌ను కిందికి దించేశాడు. బీటిల్‌లో అది నాలుగు బోల్టుల పని. పెద్ద సిలిండర్లు కూర్చోవాలంటే వాటికి మూతల్లా ఉండే రెండు హెడ్లలోని గుంటలను లేత్ మీద కొద్దిగా వెడల్పు చేయాలి. మర్నాడు హెడ్లను గోనెసంచిలో చుట్టుకుని ఇద్దరం బస్సులో సిరిసిల్ల వచ్చాం. మగ్గాలకు షాఫ్టులు చేసే లేత్ షాపు అతని బావమరిదిది. గంగారాం తనే లేత్ ముందు నిలబడి, ప్రతి చుట్టుకూ కొలత తీస్తూ, వెంట్రుకవాసి తేడా లేకుండా పని పూర్తిచేశాడు. నేను ఎన్నో వర్క్‌షాపులు చూశాను. అంత శుభ్రమైన చేయి చూడలేదు.

మూడోరోజంతా బిగింపు. నాలుగోరోజు కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్ళే జెట్టు పెద్దది వేసి, టైమింగ్, అంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ పడే వేళ, సరిచేశాడు. దానికి అతను సొంతంగా చేసుకున్న లైటు ఒకటి ఉండేది. చిన్న బల్బు, రెండు పొడుగాటి వైర్లు, చివర్లలో క్లిప్పులు. ఒక క్లిప్పు డిస్ట్రిబ్యూటర్‌కి, ఇంకోటి బాడీకి తగిలించి ఇంజన్ పుల్లీని చేత్తో తిప్పితే, డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణం పుల్లీ మీది గీతతో కలిసేలా నిలపాలి. నాకు చూపించి, నా చేత కూడా ఒకసారి తిప్పించాడు. స్టార్టు చేశాక వచ్చిన శబ్దానికి అతని భార్య రాజవ్వ కూడా బయటికొచ్చి చూసింది.

ఐదోరోజు మధ్యాహ్నం రోడ్డు మీద పరీక్షించడం మిగిలింది. రాజవ్వ నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. “మీరు తినుండ్రి సార్. నేను జగిత్యాల దాక పోయొస్త. నడుమ ఆపి ప్లగ్గులు జూస్కుంట పోవాలె,” అన్నాడు గంగారాం. జగిత్యాల పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. నేను సరేనన్నాను. గంటన్నరలో రావాల్సినవాడు నాలుగైనా రాలేదు. నాలుగున్నరకు ఒక బస్సు కండక్టరు షెడ్డు ముందు దిగి, తాబేలు కారును దారిలో పోలీసులు పట్టుకున్నారని చెప్పి వెళ్ళిపోయాడు.

ఏ ఊరి దగ్గరో ఇక్కడ రాయను. రోడ్డుకు సగం అడ్డంగా డ్రమ్ములు పెట్టి, పక్కనే ఒక పాత బడి భవనంలో పోలీసులు మకాం వేశారు. నేను ఆటోలో చేరుకునేసరికి కారు డ్రమ్ములకు చాలా అవతల నిలబడి ఉంది. బలం పెరిగిన ఇంజన్‌ను పాత బ్రేకులు ఆపలేకపోయాయి. బ్రేకు షూలు కూడా మార్చుదామని గంగారాం ముందురోజే అంటే, తర్వాత చూద్దామన్నది నేనే. ఆపమంటే ఆపకుండా దూసుకుపోయాడని వాళ్ళ అనుమానం. కారు ముందు మూత తెరిస్తే ఇంజన్ లేదు, గంగారాం పనిముట్ల పెట్టె ఉంది. పెట్టెలో వైర్లు, క్లిప్పులు, బల్బు ఉన్నాయి. రోడ్ల కింద మందుపాతరలు పేలుతున్న రోజులు.

లోపల గంగారాంను గోడవారగా కింద కూర్చోబెట్టారు. పెదవి పగిలి ఉంది. నన్ను చూడగానే అతని ముఖం తేటపడింది. “సారుకు తెలుసు సార్. సారునడుగుండ్రి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కుర్చీ చూపించాడు. నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. లైటును బల్ల మీద పెట్టాడు. “ఇది ఇంజన్ టైమింగ్ చూసేదంటున్నాడు. మీది బండ్లు చూసే ఉద్యోగమే కదా. ఇదేమిటో చెప్పండి,” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ అన్నాడు: “ఆలోచించుకుని చెప్పండి. తెలుసంటే ఇతనితో మీ పరిచయం ఎప్పటిది, ఇక్కడికి ఎందుకొచ్చారు, అంతా తేలేదాకా మీరూ ఇక్కడే ఉండాలి. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. తెలియదంటే రాసిచ్చి, మీ కారు మీరు తీసుకెళ్ళొచ్చు.”

గంగారాం నన్నే చూస్తున్నాడు.

“నాకు తెలియదండీ. అది అతని సామాను,” అన్నాను.

అదే మాట తెల్లకాగితం మీద రాసిచ్చాను. మూడు వాక్యాలు, కింద సంతకం. ఎన్నో వందల నివేదికలు రాసిన చేయి, ఒక్క కొట్టివేత లేదు. లేచేటప్పుడు గంగారాం వైపు చూడలేదు. కోరుట్లకు తిరిగి వెళ్ళి రాజవ్వకు చెప్పాల్సింది. షెడ్డులో నా బ్యాగు కూడా ఉంది. వెళ్ళలేదు. కరీంనగర్ మీదుగా నేరుగా హైదరాబాదు దారి పట్టాను. దారంతా ఇంజన్ ఎంత హాయిగా నడిచిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మూడు నెలల తర్వాత, ఉండబట్టలేక, ఒక ఆదివారం బస్సులో సిరిసిల్ల వెళ్ళి లేత్ షాపులో అడిగాను. గంగారాంను పంతొమ్మిది రోజులకు వదిలారట. షెడ్డు మూసేసి భార్యతో అక్కడికే వచ్చేశాడు. బావమరిది ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. కుడిచేతి మూడు వేళ్ళు నిటారుగా ఉండిపోయాయి, మడవలేడు. స్పానర్ పట్టలేడు. పక్కనే మరమగ్గాల షెడ్డుకు కాపలా ఉంటున్నాడు.

నాతో ముందు మాట్లాడింది రాజవ్వ. “ఆ లైటుతోని మీ ముంగటనే గదా సారూ టైమింగ్ జూసిండు. అదేందో నాకే ఎరుకైంది. మీకు ఎరుకలేదా?”

“భయపడ్డానమ్మా,” అన్నాను.

“మాకు లేదా భయం?” అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

“బండి ఎట్ల నడుస్తున్నది సార్?” అని గంగారాం అడిగాడు. బాగా నడుస్తోందన్నాను. “ఆయిలు మార్చిండ్రా? వాల్వుల గ్యాపు మల్ల జూడాలె. ఇంజన్ సల్లగున్నప్పుడే జూడాలె,” అన్నాడు. నేను తలూపాను. క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ, అతను వాల్వుల గురించి మాట్లాడుతుంటే అనలేకపోయాను. తిరుగు బస్సెక్కాను. తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ దారి చాలా బాగుంది. డ్రమ్ములు లేవు, మకాములు లేవు. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకు ముందే కోరుట్ల చేరొచ్చు, మిమ్మల్ని ఎవరూ ఆపరు. అప్పటి రోజులే అలాంటివని, నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ నన్నెవరూ కొట్టలేదు. కుర్చీ వేసి, మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగారు. సరైన జవాబు చెప్పగలిగిన మనిషి ఆ గదిలో నేనొక్కణ్ణే. ఇంజన్‌ను పొగిడేవాళ్ళకు కట్టినాయన పేరు చెబుతాను. ఆయన ఇప్పుడెక్కడున్నాడని అడిగితే, తెలియదంటాను. ఈసారి అది నిజమే.

ఇంజన్ కట్టించుకోవాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా: రోడ్డు మీద పరీక్షించేటప్పుడు మెకానిక్‌ను ఒంటరిగా పంపకండి. అన్నం తర్వాత తినొచ్చు. బండి మీది కాబట్టి పక్క సీట్లో మీరు కూర్చోండి.