సూదికి ముందే ‘అయిపోయింది’

మా సిస్టర్‌గారు పోయారు. పిల్లాడికి ఆటలమ్మ టీకా రెండో డోసు ఎప్పుడు వేయించాలో అడుగుదామని క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఎవరో కొత్తమ్మాయి ఎత్తింది. “ఆవిడ మొన్న ఆదివారం చనిపోయారండీ, గుండెపోటు. మీరు గురువారం తీసుకురండి” అంది, రెండూ ఒకే గుక్కలో. “సరేనండీ” అని పెట్టేశాను. దేనికి సరే అన్నానో నాకే తెలియలేదు.

గుణదలలో మా వీధి చివర పిల్లల క్లినిక్‌లో నర్సు ఆవిడ. మెళ్ళో సన్నటి సిలువ గొలుసు, చేతిలో ఎప్పుడూ దూది. సూది గుచ్చకముందే “అయిపోయింది, అయిపోయింది” అనేవారు. పిల్లలు నమ్మి చెయ్యి వదులు చేసేవాళ్ళు, అప్పుడు గుచ్చేవారు. “ఇదేం మోసమండీ!” అన్నానోసారి. “మోసమేనమ్మా. బిగబట్టిన చేతికి నొప్పెక్కువ మరి” అని నవ్వారు.

పామర్రు నుంచి కాపురానికొచ్చిన కొత్తలో నాకీ ఊళ్ళో పలకరించే దిక్కు లేదు. మా ఆయన పొద్దున్నే ఆటోనగర్‌లో లారీ షెడ్డుకి పోతే చీకటి పడ్డాకే రావడం. అందుకే మా పెద్దది, పాపని టీకాలకి తీసుకెళ్ళినప్పుడల్లా ఆవిణ్ణి ప్రశ్నలతో చంపేదాన్ని. టీకా వేయిస్తే ఇక ఆటలమ్మ రాదా? “ఒక్కోసారి వస్తుంది. వచ్చినా నాలుగు పొక్కులతో పోతుంది.” అసలు వచ్చిపోతేనే రక్షణ గట్టిది కదండీ? “గట్టిదే. ఆ గట్టితనానికి పిల్ల ఎంత పడాలో ముందు తెలీదుగా.”

తల ఊపాను. ఊపి ఏం చేశాను? మా అత్తగారు ఫోన్‌లో “ఒకసారి పోస్తే జన్మలో మళ్ళీ రాదే, ఆ సూదులెందుకు?” అంటే అత్తగారి మాటే పట్టుకుని పాపకి ఆ టీకా వేయించలేదు. కింద వాటాలో పిల్లాడికి ఆటలమ్మ పోసిందని తెలిసి, నా చేతులతో నేనే పాపని వాడి పక్కన ఆడుకోమని వదిలి వచ్చాను. బుద్ధి గడ్డి తిని.

రెండు వారాలకి పాపకి ఒళ్ళంతా పొక్కులు, నోట్లో కూడా. మా ఆయనకి చిన్నప్పుడు రాలేదు. పెద్దవాళ్ళకి వస్తే మరీ కష్టమని సిస్టర్‌గారే ఆయన్ని షెడ్డులో పడుకోమన్నారు. గుమ్మానికి వేపమండ కట్టాక మా మెట్లెక్కిన మనిషి లేదు. పది రోజులు, మూలిగే పిల్లా నేనూ.

ఆవిడొక్కరే వచ్చేవారు. “నాకు చిన్నప్పుడే వచ్చిపోయిందిలే” అంటూ, డ్యూటీ దిగాక రోజూ. అమ్మవారున్న ఇల్లని చెప్పులు గేటు బయటే విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మరీ లోపలికొచ్చేవారు. “అమ్మవారికి చేసేవన్నీ చేసుకో. గోళ్ళు మాత్రం కత్తిరించు, జ్వరం మందు ఆపకు. దగ్గొచ్చి ఆయాసపడితే ఒక్క క్షణం ఆగకుండా తీసుకొచ్చెయ్” అనేవారు. పాప మంచినీళ్ళు కూడా మింగలేక ఏడ్చిన రోజు నేనూ ఏడ్చాను. “ఎక్కడ అంటుకుందో తెలీదండీ” అన్నాను. ఆవిడ పాప చేతిని నిమురుతూ, “నేనడగనులే. అడిగితే నీకు అబద్ధం చెప్పాల్సొస్తుంది” అన్నారు.

పాప కోలుకుంది. కనుబొమ మీద ఒక్క మచ్చ మిగిలింది. ఆ తర్వాత పిల్లాడు పుట్టాడు, వాడికి అన్నీ ఆవిడ చేతే వేయించాను. వెళ్ళిన ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకోవడం, క్యూలో ఎవరో ఉన్నారని వచ్చేయడం. ఈ రెండో డోసు రోజున మాత్రం చెప్పి తీరాలనుకున్నాను. ఇప్పుడు ఈ ఊళ్ళో నేను మళ్ళీ కొత్తగా దిగినదాన్నయ్యాను.

గురువారం వెళ్ళాం. కొత్తమ్మాయి కార్డు చూస్తూ, “ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందాండీ?” అనడిగింది.

“పెద్దదానికి. నేనే అంటించాను.”

ఇన్నేళ్ళూ ఆవిడకి చెప్పలేకపోయిన మాట. ఆ అమ్మాయి తలెత్తకుండా ‘వచ్చింది’ అని రాసుకుని సూది తీసింది. మావాడు చెయ్యి బిగబట్టి నావంకే చూస్తున్నాడు, ‘అయిపోయింది’ అని ఎవరో ఒకరు అంటారని. అందామనే నోరు తెరిచాను. ఆ మాటకి బదులు వాడి భుజం పట్టుకున్నాను. వాడి చెయ్యి అలా బిగుసుకునే ఉంది.