ఆది జాకెట్టు
మగపిల్లాడిగా పుట్టిన ఆమె, పుట్టినింట్లో ఇప్పటికీ పెద్దకొడుకే. ఈ వీధి ఆడవాళ్లకి మాత్రం మిషనక్క. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. కర్టెన్ వెనక చేతులెత్తి నిలబడి "ఒళ్లొచ్చేసిందక్కా" అని వాళ్లు విసుక్కుంటుంటే నవ్వుతూ కొలిచేది. రేపు లావైతే విప్పుకోడానికి ప్రతి జాకెట్టుకీ లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేది. ఎదురింటి బాలింత దగ్గర ఒకరోజు నోరు జారింది: "నిన్ను చూస్తే నాకు కుళ్లే. నువ్వు తిట్టుకునే ఒళ్లు, నేను ఏడ్చినా రాలేదు." ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, "నా కడుపులోనే పెట్టుకుంటానక్కా" అని చెయ్యి పట్టుకుంది.

ఆ వారం నుంచే ఒక్కొక్కరూ గుమ్మంలో నిలబడే పాత జాకెట్టు అందించడం మొదలుపెట్టారు. "కొలతలెందుకులే, ఆదికి ఇది చాలు" అని పైట నిండుగా కప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. టేపు మెడలోనే ఉండిపోయేది. చివరికి ఎదురింటి పిల్లా ఆది జాకెట్టు తెచ్చింది, పెళ్లినాటిది. "దిష్టి తగులుతుందని మా అత్తయ్య..." అని నసిగింది. అదిప్పుడు ఆ పిల్లకి చేతులకి కూడా ఎక్కదని మిషనక్కకి చూపుకే తెలిసిపోయింది. అచ్చం ఆ ఆదికే కుట్టింది. లోపల వదిలే రెండు వేళ్ల గుడ్డ కత్తిరించి చెత్తలో పారేసింది.