మెషిన్లో ఉప్పునీళ్ళు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. సునామీలో పోయినవాళ్ళంతా దయ్యాలై తిరిగేటట్టయితే క్యాంప్‌బెల్ బేలో బతికున్నవాళ్ళకి కాలు పెట్టే చోటుండేది కాదు. నేను రాస్తున్నది మా బావ వాడే ఊపిరి మెషిన్ గురించి. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

మావాళ్ళు తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డారు. మా అక్కని క్యాంప్‌బెల్ బేలో జెట్టీ దగ్గర కిరాణా కొట్టు నడిపే బావకి ఇచ్చారు. అండమాన్ నికోబార్ దీవుల్లో దక్షిణాన చిట్టచివరిది అది, పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో రోజులు పట్టే ప్రయాణం. అక్కడికి కాపురానికి వెళ్ళే మా ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. ఓడ ఎక్కేముందు బంగారమంతా పోర్ట్‌బ్లెయిర్‌లో అయినవాళ్ళ దగ్గర దాచి వెళ్ళేవారు. రేకుల ఇంట్లో నగలు పెట్టుకుని ఏం చేస్తారు? అక్క కూడా మెడలో పసుపుతాడు ఉంచుకుని, మిగతావన్నీ నా ట్రంకుపెట్టెలో పెట్టి వెళ్ళింది.

సునామీ నాటి పొద్దున భూమి కదిలాక అందరూ గుట్ట మీదికి పరుగెత్తారు. బావ మూడేళ్ళ కూతురు సరితని ఎత్తుకుని పైకి చేరాడు. అక్క చేరలేదు. తర్వాత దొరకనూ లేదు. శిబిరంలో అడిగినవాళ్ళందరికీ బావ చెప్పింది ఒకటే మాట, అక్క నగల కోసం వెనక్కి వెళ్ళిందని.

అది విని నా ఒళ్ళు మండిపోయింది. నగలు నా దగ్గరుంటే ఏ నగల కోసం వెళ్ళింది? పెట్టె తెరిచి అందరికీ చూపించాను. ఇంకేవో ఉండుంటాయిలే, ఆడదానికి బంగారం మీద ఆశ పోతుందా అన్నారు. సరిత ఆ మాట వింటూనే పెరిగింది. అమ్మకి తనకంటే గాజులే ముఖ్యమయ్యాయని ఒకసారి నాతో అంది కూడా. ఆ రోజు నుంచి బావ మీద నా కసి చల్లారలేదు. దాచుకోవడం నాకు చేతకాదు, మా వీధి వీధంతా ఎరుగును.

సునామీ తర్వాత బావ పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసి, డాలీగంజ్‌లో మా ఇంటి ముందు వాటాలో దిగి, పక్కనే కొట్టు పెట్టాడు. పిల్లని నేనే పెంచాను. అది చదువుకుని స్కూల్లో టీచరైంది. ఈలోగా బావకి పొట్ట పెరిగింది, మెడ లావెక్కింది, సాయంత్రమైతే సీసా ముందు కూర్చోవడం అలవాటైంది. మధ్యాహ్నం కొట్టు మూసి నిద్రపోతే గురక వీధి చివరికి వినిపించేది.

ఉన్నట్టుండి ఆ గురక ఆగిపోయేది. ఊపిరీ ఆగేది. పొట్ట ఎగిరెగిరి పడుతుండేది గానీ గాలి లోపలికి పోయేది కాదు. కాసేపటికి నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్క ఉదుటున గాలి పీల్చుకునేవాడు. మళ్ళీ గురక మొదలు.

పక్కింటి పాపమ్మ అది చూసి, "మీ అక్క ఆయన్ని ఒగ్గదు దీదీ. గలా పట్టీసుకుంటంది" అంది. చచ్చిన అక్క వదలకుండా గొంతు పట్టుకుంటోందంటే నేను నమ్మలేదు. కానీ ఆ మాట చెవికి హాయిగా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

పొద్దున్నే తలనొప్పితో లేచేవాడు. కొట్లో పప్పు తూస్తూ తూస్తూ కునికేవాడు. చివరికి లంబాలైన్‌లో ఎయిర్‌పోర్ట్ గోడ పక్కన స్కూటర్ మీదే కునుకు పట్టి కింద పడ్డాడు. అప్పుడు సరిత పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారట. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు అదిలించి లేపుతుంది. నిద్ర పట్టగానే మళ్ళీ అదే తంతు. లావు మెడ ఒక కారణం, మందు ఇంకో కారణం, కొందరికి పుట్టుకతోనే దవడ చిన్నది. వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండె దెబ్బతింటుంది, పక్షవాతం కూడా రావచ్చు. బరువు తగ్గాలి, తాగుడు మానాలి, పక్కకి తిరిగి పడుకోవాలి అంది. చెన్నై పంపి, ఒళ్ళంతా తీగలు అతికించి నిద్రలో పరీక్ష చేయించాక మెషిన్ రాసింది.

ముక్కుకి మాస్క్, దానికో గొట్టం. మెషిన్ గాలిని నెట్టి గొంతు మూసుకోకుండా చూస్తుంది. గొంతు ఎండిపోకుండా కింద చిన్న నీళ్ళ డబ్బా ఉంటుంది, అందులో డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. మెషిన్ జబ్బు నయం చెయ్యదు, పెట్టుకున్నంతసేపే కాపాడుతుంది. పగలు సరిత స్కూల్లో ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం నీళ్ళు పొయ్యడం నా వంతైంది. అక్క కాదు, నాలుకే ఆయన గొంతు మూస్తోందని తెలిసి నేను కొంచెం నిరాశపడ్డాను.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు బావ దగ్గుతూ మాస్క్ లాగిపడేశాడు. గాలి సముద్రం రుచి వస్తోందన్నాడు. సరిత డబ్బాలో వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉప్పు. డబ్బా అడుగున తెల్లటి పొర కట్టింది.

అందరి చూపూ నా మీదికే తిరిగింది. నువ్వే కలిపావన్నాడు బావ.

"నేను కలపదలుచుకుంటే ఉప్పుతో ఆగుతానా, బావా?" అన్నాను.

సరిత వేరే మందుల షాపు నుంచి కొత్త సీసా తెచ్చింది. రుచి చూస్తే నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. డబ్బా కూడా మార్చింది. అయినా నిద్రలేచేసరికి ఉప్పే. మెషిన్ అమ్మినతను చూసి, డిస్టిల్డ్ వాటర్ ఆవిరైతే ఉప్పు మిగలదని తేల్చేశాడు. ఒక ఆదివారం నేను వండూర్‌లో పెళ్ళికి పొద్దున్నే వెళ్ళిపోయాను. సీసా సరిత బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆ మధ్యాహ్నం నీళ్ళు సరితే పోసింది. నేను తిరిగొచ్చేసరికి బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు, డబ్బా ఒళ్ళో ఉంది. నన్ను చూడగానే, మళ్ళీ ఉప్పు కలిపింది నేనేనన్నాడు.

"చాబీ నా దగ్గరే ఉంది నాన్నా. పిన్ని ఇంట్లోనే లేదు. పానీ నేనే పోశాను" అంది సరిత.

బావ డబ్బా పక్కన పెట్టి మాస్క్ చేతిలోకి తీసుకున్నాడు. మాస్క్ మానేస్తే గుండె నిలవదని డాక్టరమ్మ చెప్పేసింది. పెట్టుకుంటే ఆ ఉప్పు గాలి. చివరికి సరిత వైపు తిరిగాడు.

"మీ అమ్మ బంగారం కోసం ఎల్లలేదమ్మా. కొట్టు షట్టర్ దించలేదు, సామాన్లు పోతాయి, దించీసి రా అని నేనే పంపాను. అందరూ అడుగుతుంటే, బస్, ఆ అబద్ధం నోటికొచ్చీసింది."

"ఇన్నేళ్ళూ నేను అమ్మని తిట్టుకున్నాను నాన్నా" అంది సరిత. లేచి బయటికి వచ్చేసింది. ఆ తర్వాత ముందు వాటాలో అడుగు పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం అదే సీసా, అదే డబ్బా. లేచాక చూస్తే నీళ్ళు చప్పగా ఉన్నాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఉప్పు జాడ లేదు. ఎలా వచ్చిందో, ఎందుకు పోయిందో నన్నడక్కండి. డాక్టరమ్మకి చెబితే నవ్వింది. నాకూ కారణం తెలియదు.

అక్క ఒగ్గేసిందేమో. నేను ఒగ్గలేదు. రాత్రికీ మధ్యాహ్నానికీ ఇప్పుడు నీళ్ళు నేనే పోస్తున్నాను, ఒక్క పూట తప్పకుండా. ఆయన చావకూడదు. సరిత ముందు వాటా దాటి వెళ్ళేటప్పుడు తల తిప్పుకోవడం ఆయన రోజూ చూడాలి.

ఏమీ కలపలేదని రుజువుగా, పోసేముందు ఆయన ఎదురుగా ఆ నీళ్ళు ఒక గుక్క నేను తాగాలి. నేను మింగేదాకా నా గొంతు వైపే చూసి, అప్పుడు మాస్క్ పెట్టుకుంటాడు. మింగడానికి నేను తొందరపడను.