వెలుతురు రాగానే దిగాల

మా మామ ఈశ్వరప్పకు ఒకటే జబ్బు. ఏ బండి ఎక్కాలన్నా ముగ్గుర్ని అడగందే కాలు పైన పెట్టడు. బస్సు నుదుటి మీద 'హిందూపురం' అని తలకాయంత అక్షరాలు ఉండనీ, కండక్టరు 'హిందూపురం, హిందూపురం' అని గొంతు చించుకోనీ, మామ ముందు ఆ కండక్టర్నే అడుగుతాడు. తర్వాత కిటికీ పక్కన కూర్చున్నాయన్ని అడుగుతాడు. చివరికి చెనిక్కాయలమ్మే ఆమెని అడుగుతాడు. అడిగి ఊరుకుంటే బాగుండు. వచ్చిన జవాబును బస్టాండంతా వినపడేట్టు తిరిగి అప్పజెప్తాడు.

పిల్లనిచ్చిన మామ. ఏమంటాం? పదేండ్లు ఓర్చుకున్నాను. ఆయన నోరు తెరవగానే పది గజాల దూరం పోయి, ఆకాశం చూస్తూ నిలబడేవాణ్ణి.

తమాషా ఏమంటే, ఆయన ముప్పై ఏండ్లు పెనుకొండ బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు యాడికి పోతాదో మైకులో చెప్పి జీతం తీసుకున్న మనిషి. రిటైరైన మరుసటి నెలే నన్ను వెంటబెట్టుకుని అదే బస్టాండుకు పోయి, తన కింద పని నేర్చుకున్న కంట్రోలర్నే పట్టుకున్నాడు.

"అప్పా, అగళి బస్సు యాడ నిలబడతాది?"

"సార్, ఆ నెంబర్లు రాయించింది మీరే కద సార్!"

"రాయించింటే? మారుండొచ్చు కద. మూడో నెంబరేనా? ఆఁ, మూడో నెంబరంటప్పా! అగళి బస్సు మూడో నెంబరు!"

వెనకాల మూట చంకన పెట్టుకుని నిలబడిన ముసలామె ఒకతె మూడో నెంబరు వైపు నడిచింది. మేము పోవాల్సింది ధర్మవరం.

"మరి అగళి బస్సు ఎందుకడిగినావు మామా?"

"తెలుసుకుంటే తప్పేముందప్పా?"

ఇంటికి పోయి శైలజతో మొత్తుకున్నాను. "మా నాయన అంతే. నువ్వు పక్కకు పోయి నిలబడు" అనింది నా పెండ్లాం. నేను చేస్తున్నది అదే కదా.

రెండువేల ఏడు చలికాలంలో మాత్రం పక్కకు పోయి నిలబడే వీల్లేకపోయింది. ధర్మవరంలో ఆడవాళ్ల చేనేత సంఘానికి నేను గుమాస్తాని. ఢిల్లీలో ప్రగతి మైదానంలో చీరల ప్రదర్శన, మాకూ ఒక స్టాలు వచ్చింది. నలభై మంది ఆరు నెలలు నేసిన చీరలు ముందే లారీలో పోయినాయి. ఒకటే షరతు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటల లోపల సంఘం అధ్యక్షురాలు స్వయంగా వచ్చి సంతకం పెట్టాల. లేకపోతే స్టాలు వేరేవాళ్లకు పోతుంది, చీరలు వచ్చిన దారినే వెనక్కి వస్తాయి.

అధ్యక్షురాలు చౌడేశ్వరక్క. రూపాయి బిళ్లంత బొట్టు, మగ్గం చప్పుడును మించిన గొంతు. బ్యాంకు మేనేజరైనా సరే ఆమె ముందు లేచి నిలబడాల్సిందే. ఆమెకు ఉండేది ఒకటే లోపం, మతిమరుపు. యాడికి పోయినా కళ్లజోడు ఇంట్లోనే. "జోడు మర్చిపోయినా రవీ, నువ్వు చదువప్పా" అంటుంది. ఆమె జోడుతో కనపడిన రోజు నాకు గుర్తు లేదు.

ఆమె, నేను చాలు కదా? "నేల కింద రైలంట, నేనూ చూడాల" అని మామ సొంత టికెట్టుతో కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో తయారు. గుంతకల్లు మొదలు ఝాన్సీ దాకా ప్రతి స్టేషన్లో దిగి "ఇది ఢిల్లీ పోయే బండేనా?" అని అడిగాడు. రెండు రాత్రులు నేను కన్ను మూసింది లేదు. పైగా బండి లేటు. న్యూఢిల్లీలో దిగేసరికి ఒంటిగంట దాటింది.

ఆటోల వాళ్లు ట్రాఫిక్ అని తల ఊపేశారు. సరే, మెట్రో. మెట్లు దిగి కిందికి పోయినాం. అబ్బ, ఏం శుభ్రం! ఏం చల్లదనం! అడుగడుక్కీ బాణం గుర్తులు, బొమ్మలు, బోర్డులు. హమ్మయ్య, ఈడ ఎవర్నీ అడిగే పనే లేదు అనుకున్నాను.

మామ అప్పటికే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని పట్టుకున్నాడు. మామ హిందీ బస్టాండు హిందీ. సగం తెలుగు, మిగిలింది చేతులు.

"మామా, గోడ మీద బొమ్మేసి ఉండాది!"

"ఉండనీలే. ఆఁ, ఏమంట? ఈ టికెట్టు బిళ్ల గేటుకు తాకించాలంట! తాకించి దాచుకోవాలంట! బయటికొచ్చేటప్పుడు సందులో వెయ్యాలంట!"

ఆ తర్వాత ముగ్గుర్ని అడిగి మొత్తం దారి సంపాదించి, ఎక్కాల పుస్తకం లాగా అరిచాడు. "ఒక స్టేషను పోయి దిగాల! పైకెక్కి ఇంకో రైలు పట్టాల! అందులో మూడో స్టేషను! రెండు చీకట్లో వస్తాయంట, మూడోది నేల పైకి వచ్చినాకంట! వెలుతురు రాగానే దిగాల!"

ఢిల్లీ వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. చౌడేశ్వరక్క మాత్రం తల పంకించింది. నాకు ఆ నేల ఇంకొంచెం తవ్వుకుని కిందికి పోవాలనిపించింది.

రాజీవ్ చౌక్‌లో మారాల. ఆ స్టేషన్లో జనం చూస్తే మా తిరునాళ్ల జనం దిగదుడుపే. పైకెక్కి నిలబడగానే రైలు వచ్చింది. మామ ఒకర్ని అడిగాడు. "హాఁ, ఇదే" అన్నాడు అతను. "ఇదేనంట!" అని మామ అరిచాడు. చౌడేశ్వరక్క ఎక్కేసింది. మామ రెండో ఆయన్ని అడిగాడు. మామ వెనక పరిగెత్తి నేను చెయ్యి పట్టి గుంజుతున్నాను. మూడో ఆయన నోరు తెరిచేలోగా తలుపులు మూసుకున్నాయి.

అద్దం వెనక ఆమె బొట్టు కనపడింది. రైలు పోయింది. గడియారంలో ఒకటీ నలభై.

"ముగ్గురు, ముగ్గురు అని కొంప ముంచినావు కద మామా! నలభై మంది కష్టం! నీ కంట్రోలరుగిరీ పాడుగాను!"

తర్వాతి రైలెక్కినాం. నా కోపం కొంచెం దిగింది. "సరేలే, బోర్డు చూసుకుని ఆమే దిగుతుంది" అన్నాను.

మామ నా చెవి దగ్గరకు వంగాడు. మొట్టమొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడడం విన్నాను.

"ఆమెకు చదువు రాదు రవీ."

"ఎవరికి? చౌడేశ్వరక్కకా? సంతకం ముత్యాల మాదిరి పెడతాది కద!"

"సంతకమొకటే నేర్చుకుంది. పుట్టినిల్లు అగళి. పెనుకొండలో బస్సు మారేది. బోర్డు కిందే నిలబడి, నేను మైకులో చెప్పేదాకా కదిలేది కాదు. ఒకరోజు మైకు చెడిపోయింది. మూడు అగళి బస్సులు ఆమె కళ్లెదురుగానే పోయినాయప్పా. ఎవర్నీ అడగలేదు. అట్లాంటోళ్లు బస్టాండుకు పదిమంది ఉంటారు. అడగాలంటే సిగ్గు. అందుకే నేనే అడుగుతా. నాకేం, సిగ్గా శరమా?" నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు తెలుసని ఆమెకు తెలీదు. నోరు జారేవు."

కళ్లజోడు! పదేండ్లుగా మర్చిపోతున్న కళ్లజోడు! నేనెంత గుడ్డివాణ్ణి! జాలి ఒకపక్క, భయం ఒకపక్క. ఇంత ఊర్లో, ఈ భాషలో, ఆమె ఒక్కతే.

మూడో స్టేషన్లో వెలుతురు వచ్చింది. దిగినాం. ప్లాట్‌ఫారం మీద ఆమె లేదు. గేటు దగ్గర లేదు. "లోపలికి పద" అని మామ ముందు నడిచాడు. దారిలో ముగ్గుర్ని అడిగాడు. ఈసారి నేను పక్కకు పోలేదు.

స్టాలులో చౌడేశ్వరక్క కుర్చీలో కూర్చోనుంది. ముందర ఆఫీసరు నిలబడి ఉన్నాడు. కాగితం మీద ముత్యాల్లాంటి సంతకం అప్పుడే ఆరుతోంది. రెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

"ఏమబ్బా, ఇంతసేపు ఏం జేస్తాండారు?" అనింది మమ్మల్ని చూసి. "రెండు చీకట్లు లెక్కపెట్టినా, వెలుతురు రాగానే దిగినా. బిళ్ల సందులో వేసినా. లోపల మన చీరల మూటలు గుర్తుపట్టినా. దాంట్లో ఏముంది?"

మామ మూతి తుడుచుకుని ఆఫీసర్ని అడిగాడు. "సార్, ఆ కాగితంలో ఏం రాసుండాది? కొంచెం గట్టిగా చదవండి సార్."

సాయంత్రం మామ టీకి పోయినప్పుడు అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"రవీ, పెద్దాయన్ని విసుక్కోవద్దప్పా. పాపం, ఆయనకు కళ్లు ఆనడం లేదు. బోర్డులు కనపడక అందర్నీ అడుగుతాండాడు. ఒప్పుకోవాలంటే సిగ్గు. అందుకే ఆయన అడిగిందంతా నేను మనసులో పెట్టుకుంటా. యాడన్నా దారి తప్పితే నేనన్నా చెప్పొచ్చు కద. నాకు తెలుసని ఆయనతో అనేవు."

"అనను అక్కా" అన్నాను. ఇంకేమనాల?

చీరలన్నీ అమ్మి తిరుగు ప్రయాణానికి వచ్చేసరికి మామకు చలికి గొంతు పూర్తిగా పట్టేసింది. ఎదురుగా కర్ణాటక ఎక్స్‌ప్రెస్, దాని మీద మూడు భాషల్లో పేరు. అక్క ఆగింది. మామ నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. నేను ఒకసారి ఆకాశం చూశాను. తర్వాత పోర్టర్ని పట్టుకున్నాను.

"భయ్యా, ఇది ధర్మవరం పోయే బండేనా? ఆఁ, ఇదేనంట! ఇదేనంటప్పా!"

అక్క మామ వైపు జాలిగా చూసి, నన్ను చూసి కన్ను గీటింది. మామ అక్క వైపు చూసి, నన్ను చూసి కన్ను గీటాడు. తర్వాత రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. ఇంకో ఇద్దరు మిగిలి ఉన్నారు.