నెల్లిమర్లలో చేదు సోడా

మా బావ మందు మానేసి ఎనిమిది నెలలైంది. కూతురి పెళ్లి దగ్గరపడే కొద్దీ ఆయనకి ఒకటే బెంగ. విందులో అందరూ గ్లాసులు పట్టుకుంటే తన చేతిలో ఏముంటుందని. కూల్‌డ్రింకుల తీపి ఆయనకి గిట్టదు. నెల్లిమర్లలో దబ్బకాయ తొక్కతో చేదు సోడా చేస్తారని ఎవరో చెబితే, శనివారం ఇద్దరం బయల్దేరాం.

అరసవల్లి నుంచి ఆటోలో శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌కి వెళ్లి, ఏడు గంటల విజయనగరం బస్సెక్కాం. టికెట్టు వంద దాటింది, ప్రయాణం రెండు గంటలు. దారిలో బావ ఒక్కమాటే అన్నాడు: "తాగకుండా ఉండగలను గానీ, ఉత్త సేతుల్తో నిలబడలేనురా." విజయనగరంలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి నెల్లిమర్లలో దిగేసరికి పదైంది.

జూట్ మిల్లు దాటాక ఉంది సోడా కొట్టు. నడిపేది అరవై దాటిన అప్పలనరసమ్మ. దబ్బకాయ తొక్కల్ని ఉప్పు, పంచదార వేసి రాత్రంతా నానబెడుతుంది. పొద్దున్నే ఆ రసం వడగట్టి, సీసాలో కొంచెం పోసి గ్యాస్ కొడుతుంది.

"మందులోకా, ఉత్తిగానా?" అని అడిగింది.

బావ మొహం మాడిపోయింది. నేనేదో సర్దబోయాను. ఈలోగా ఆయనే, "మందు మానేసినానమ్మా. పెళ్లిలో నాను తాగడానికి," అన్నాడు. కొత్తవాళ్ల ముందు ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"అలాగైతే ఇది నీకు పనికిరాదు. మందులో కలుపుకునేవోల్లకి తీపి ఎక్కువేస్తాను," అంటూ ఆవిడ చేతిలోని సీసా పక్కన పెట్టింది. తొక్క కింది తెల్లటి కండ ఎక్కువేసి నానబెట్టిన, చేదెక్కువున్న రసం తీసి, ఇంకో సీసాలో పోసి గ్యాస్ కొట్టి ఇచ్చింది. బావ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఇదీ! రెండు కేసులు కట్టమ్మా."

పెళ్లిలో "అదేటి మావా?" అంటూ కుర్రాళ్లు ఆయన గ్లాసు లాక్కుని రుచి చూశారు. భోజనాల వేళకి రెండు కేసులూ ఖాళీ. ఆఖరి సీసా కోసం బావ వాళ్లతో పోట్లాడుతుంటే అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ ఎనిమిది నెలలూ ఇంట్లో అందరం ఆయనకి పాలు, మజ్జిగ, రాగిజావ అందిస్తూనే ఉన్నాం. నీకేం కావాలని ఒక్కరమూ అడగలేదు. ముక్కూ మొహం తెలియని ఆవిడ అడిగింది. మీరు వెళ్తే మాత్రం పదకొండులోపే చేరుకోండి. రాత్రి నానబెట్టిన రసం మధ్యాహ్నానికి అయిపోతుంది.