బావ గుద్దిన చోటే నొప్పి

ఆ రోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే కడుపు పైభాగంలో, రొమ్ము ఎముక కింద, లోపల ఎవడో పేగులు పట్టుకుని మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. చల్లగా చెమట పట్టింది. రాత్రి తిన్న చేపల పులుసు అరగలేదు, గ్యాసే అనుకుని వాము నమిలాను. మా ఆవిడ సత్యవతి పెట్టిన ఇడ్లీ ముట్టుకోబుద్ధి కాలేదు. నేను స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టర్ని. షిఫ్టుకి టైమైపోతోందని బండి తీయబోతే గేటుకి అడ్డంగా లారీ ఉంది.

ఆ లారీ సత్యవతి అన్న అప్పలరాజుది. పోర్టు నుంచి బొగ్గు తోలుతాడు. కూర్మన్నపాలెంలో మా పక్కిల్లే. వంద సార్లు చెప్పినా మా గేటు ముందే పెడతాడు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ నొప్పికి ఒళ్లు తెలియలేదు. రాయి తీసి లారీ అద్దం పగలగొట్టేశాను.

బావ లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నా బండి అద్దం పగలగొడతావేట్రా?"

"అద్దమేటి, నీ బుర్ర కూడా పగలగొట్టీగలను!"

వెళ్లి గొంతు పట్టుకున్నాను. ఇద్దరం రోడ్డు మీద పడి దొర్లాం. నా గోళ్లకి అతని మెడ చీరుకుపోయింది. అతను లాగి కడుపులో ఒక్క గుద్దు గుద్దాడు, సరిగ్గా నొప్పి ఉన్న చోటే. వాంతి చేసుకుని అక్కడే పడిపోయాను. ఎంతకీ లేవకపోయేసరికి బావకి భయం వేసింది. తనే నన్ను ఎత్తి ఆటోలో పడేసి ముందు సీట్లో ఎక్కాడు. సత్యవతి పక్కన కూర్చుంది.

"నన్ను సంపీసేవ్ రా! నిన్ను జైల్లో కూకోబెట్టకపోతే నాను మగోణ్ణే కాదు!" అని దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ ఒక చిన్న వయసు అమ్మాయి. "మా బావ గుద్దీసేడు మేడమ్. పోలీసు కేసు రాయండి" అన్నాను. ఆవిడ పొట్ట నొక్కి చూసి స్కాన్ చేయించింది. "లోపల బ్లీడింగ్ ఏమీ కనిపించడం లేదు" అంది. ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు, పైగా దవడ లాగడం మొదలైంది. డాక్టర్ మళ్లీ వచ్చి, దెబ్బ ఎన్ని గంటలకి తగిలిందని అడిగింది.

అప్పుడు సత్యవతి నోరు విప్పింది. "దెబ్బ తగలకముందే నొప్పుంది మేడమ్. టిఫిన్ తిన్లేదు. వాము నమిలేడు. సెమట్లు పట్టీసేయి."

నాకు పిచ్చెక్కింది. "మొగుడు సచ్చిపోతంటే అన్నని ఎనకేసుకొస్తన్నావేటే!" అని సెలైన్ స్టాండు తన్నాను. అది వెళ్లి ఆమె భుజానికి తగిలింది. ఆమె కదల్లేదు. "ముందే ఉంది మేడమ్" అని మళ్లీ అంది.

డాక్టర్ నా మాట వినడం మానేసింది. "షుగరుందా? సిగరెట్లు?" రెండూ ఉన్నాయని సత్యవతే చెప్పింది. "సిస్టర్, ఈసీజీ. ఇప్పుడే."

కాగితం చూడగానే ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. "ఇన్ఫీరియర్ వాల్ ఎం.ఐ. హార్ట్ ఎటాక్ ఇది."

"గుండె ఇక్కడ కదా, నాకు నొప్పి కడుపులో కదా?"

"గుండె కింది భాగానికి రక్తం అందకపోతే చాలామందికి నొప్పి కడుపు పైనే తెలుస్తుంది."

ఆ మాట వింటుండగానే కళ్లు బైర్లు కమ్మాయి. గుండె ఆగిపోయిందట. ఒక మగ నర్సు మంచమెక్కి నా ఛాతీని రెండు చేతులతో కుమ్మేస్తుంటే ఎముకలు విరిగిన చప్పుడు సత్యవతికి వినపడిందట. షాక్ ఇస్తే ఒళ్లు మంచం మీద ఎగిరిపడిందట. రెండో షాక్‌కి గుండె కొట్టుకుంది. బయట బావ "నానే సంపీసేను" అంటూ తల గోడకేసి కొట్టుకున్నాడట.

వెంటనే యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. ఆ తర్వాత నరకం చూశాను. పక్కటెముకలు విరిగి ఉన్నాయి కదా, దగ్గితే కత్తితో పొడిచినట్టుండేది. ఒక రోజు విసుగొచ్చి మాత్రలన్నీ కిటికీలోంచి విసిరేశాను. కార్డియాలజిస్ట్ గట్టిగా కోప్పడ్డారు. "ఎముకలు అవే అతుక్కుంటాయి. ఈ మాత్రలు ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది, నీ ఇష్టం!"

బావ గుద్దు వల్లే వచ్చిందా అని అడిగాను. "రక్తనాళం ముందే మూసుకుపోతోందయ్యా. కొట్లాటతో ఇంకా ఎక్కువై ఉంటుంది. నొప్పి మాత్రం నువ్వు ఇంట్లోంచి తెచ్చుకున్నదే" అన్నారు.

ఇప్పుడు తేలిక పని చేసుకుంటున్నాను. సిగరెట్ మానేశాను. కోపం మానలేదు గానీ చెయ్యి ఎత్తడం లేదు. మొన్న సత్యవతితో అన్నాను, "నా ప్రాణం కాపాడేవే."

"నిన్నా? మా అన్నియ్య జైలుకెళ్లిపోతాడని సెప్పేను. గుండెపోటని నాకేటి తెలుసు?" అంది, అన్నం వడ్డిస్తూ.

కాసేపు బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు ఆ గదిలో నిజం చెప్పింది ఆవిడొక్కతే. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. కడుపు పైన నొప్పి, చెమట, వాంతి కలిసి వస్తే, దానికి కారణం మీకు తెలుసనుకున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయమనండి. నొప్పి ఎప్పుడు మొదలైందో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు చెప్పకపోతే పక్కనున్నవాళ్లని చెప్పనివ్వండి, వాళ్లు ఎవరి కోసం చెప్పినా సరే.