అద్దాల బీరువాలో మా తాత దీపం

నిన్న మా మనవరాలు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "ఫోఫో, ఇది చూడు, ఎంత బాగుందో" అంది. తాతని బర్మా మాటలో ఫోఫో అనడం ఇక్కడ యాంగాన్‌లో అలవాటు. తెలుగులో పిలవమని కొన్నాళ్ళు పోరి నేనే మానేశాను. ఆఫీసు స్నేహితులతో తిరిగొచ్చి, ఎక్కడో చిన్న ఊరి మ్యూజియంలో తీసిన ఫొటోలు చూపిస్తోంది. అద్దాల బీరువాలో పాత రైల్వే చేతిదీపం. ఒక పక్క ఎర్రద్దం, ఇంకో పక్క పచ్చద్దం, విరిగిన పిడికి రాగితీగతో చుట్టిన కట్టు. ఆ కట్టు చూసి ఫోన్ చేతిలోకి లాక్కున్నాను. అది మా తాత చేతి కట్టు.

తాత అంటే అమ్మ తండ్రి. విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి, ఇక్కడి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసి, ఆ తర్వాత రైల్వేలో గేటుమ్యాన్‌గా కుదిరాడు. పనిలోంచి దిగిపోయేటప్పుడు ఆ దీపం అప్పజెప్పడం మరిచాడో, మరిచినట్టు నటించాడో చెప్పలేను గాని, అది అహ్లోన్‌లో తాత కొడుకు, మా మేనమావ ఇంట్లో దేవుడి పటాల పక్కన మేకుకి వేలాడుతుండేది. మావకి పిల్లలు లేరు. "నాను పోతే దీన్ని పాత ఇనప సామానోడికి ఏసేత్తార్రా" అని ఒకటే బెంగ. ఏదైనా మ్యూజియంలో పెట్టించాలి, పక్కన తండ్రి పేరు రాయించాలి. డెబ్బై దాటాక ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.

రోడ్లు నిమ్మళంగా ఉన్న రోజులవి. ఓ కారు మాట్లాడుకుని మావా నేనూ మ్యూజియం వెతుక్కుంటూ బయలుదేరాం. దీపం పాత లుంగీలో చుట్టుకుని ఆయన ఒళ్ళో ఉంది. మాండలే పాతరోడ్డు చాలా దూరం పట్టాల పక్కనే పోతుంది, అదే మా ప్రాణానికి వచ్చింది. కనిపించిన ప్రతి పాత స్టేషన్ దగ్గరా కారు ఆపించేవాడు. టేకు స్తంభాలు తడిమేవాడు. పట్టా ముక్కతో చేసిన గంటని వేలితో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. గుడికి వెళ్ళినట్టు గుమ్మం బయటే చెప్పులు విడిచేవాడు. అది చూసి ఒక స్టేషన్ మాస్టరు, పాపం, తానూ చెప్పులు విడిచి ఎదురొచ్చాడు. ఇక మ్యూజియాల సంగతి చెప్పక్కర్లేదు. తాళంచెవి మనిషిని వెతికి తేవాలి, ఆయన వచ్చి లైటు వెయ్యాలి, బూజు వాసన కొంచెం సర్దుకోవాలి, అప్పుడు మావ తప్పులు పట్టడం మొదలెట్టాలి. "ఒత్తి నేకుండా లాంతరు ఎట్టినారేటి! కళ్ళు పీకేసిన మనిసినాగుంది" అని ఒకచోట అందరూ వినేలా అన్నాడు. తెలుగులో అన్నాడు కాబట్టి బతికిపోయాం. రెండుచోట్ల మా దీపం వద్దన్నారు, ఇలాంటివి తమకి బోలెడు ఉన్నాయట. మూడోచోట సరేనన్నారు. అక్కడి ఉద్యోగిని ఒక ఫారం ఇచ్చింది. వస్తువేమిటి, ఇచ్చిందెవరు, వాడిందెవరు.

మావ బర్మీస్ గలగలా మాట్లాడతాడు గాని ఒక్క అక్షరం చదవలేడు. చిన్నప్పుడు తెలుగు బడిలో నేర్చిన నాలుగక్షరాలే ఆయన చదువు. నా సంగతి వేరు. లమ్మడా పేటలో బల్ల వేసుకుని జనానికి దరఖాస్తులు నింపి బతికినవాణ్ణి. ఇక్కడి మా తెలుగువాళ్ళకి రెండేసి పేర్లు. ఇంట్లో పిలిచేది ఒకటి, కాగితం మీద బర్మా పేరు ఒకటి. కాగితం కనిపిస్తే నా చెయ్యి దానంతటదే రెండోది రాస్తుంది. ఆ రోజూ అంతే. మావ గుర్తింపు కార్డు తీసుకుని, తండ్రి పేరు దగ్గర ఉన్నది ఉన్నట్టు దించేశాను. ఊ బ మౌంగ్. నాలాంటి గుమాస్తా ఎవడో ఏనాడో తోచింది రాసిన పేరు. ఆ పేరుతో మా తాతని పిలిచినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు.

"రాసినావేటి అల్లుడా, అయ్య పేరు?"

"రాసేను మావా."

"ఏదీ, ఎక్కడ?"

చూపించాను. ఆ అక్షరాల మీద వేలు మెల్లగా నడిపించి, ఆ వేలు కళ్ళకద్దుకున్నాడు. "సాల్రా. ఇంక నాను పోయినా పరవానేదు" అన్నాడు.

నేను చేసిన పని నాకు అప్పుడు తెలిసింది. కొట్టేసి మళ్ళీ రాయడం ఎంతసేపు? కాని రాయాలంటే మావని అడగాలి. ఎందుకంటే మా తాత అసలు పేరు నాకు తెలియదు. అమ్మా మావా అయ్య అనేవారు, పిల్లలం తాత అనేవాళ్ళం, వీధివాళ్ళకి గేటుతాత. తండ్రి పేరు నోటితో పలకడం అమర్యాదని మావ ఎప్పుడూ పలకలేదు. యాభై దాటినవాణ్ణి, పేటలో అందరి పేర్లూ రాసినవాణ్ణి, మా తాత పేరేమిటని ఏ ముఖంతో అడగను? బయట డ్రైవరు హారన్ కొట్టాడు. "పద మావా, పొద్దుపోతోంది" అన్నాను.

ఆ తర్వాత మావ మూడేళ్ళు బతికాడు. కలిసినప్పుడల్లా "ఉందేటిరా, పేరు?" అనేవాడు. "ఉంది మావా" అనేవాణ్ణి. నిజం చెప్పి ఉంటే నన్ను తిట్టేవాడు, తిట్టి ఆ పేరు చెప్పేవాడు. ఆ తిట్లకి భయపడి ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నో తప్పులు చేశాను, సర్ది చెప్పుకున్నాను కూడా. ఇది మాత్రం సర్దుకోలేదు.

"ఫోఫో, ఎవరీ ఊ బ మౌంగ్? దీపం ఆయనదని చీటీలో రాసుంది" అంది మనవరాలు.

"మా తాత" అన్నాను.

నవ్వింది. "మన తెలుగోళ్ళా! అయితే ఇంట్లో పేరు వేరే ఉంటది గదా. అదేటి?"

చెప్పడానికన్నట్టు నోరు తెరిచాను. రాగితీగ చుడుతున్న ఆ వేళ్ళు గుర్తొచ్చాయి, ఆయన చొక్కాలోని కిరసనాయిలు వాసన గుర్తొచ్చింది. పేరు రాలేదు. ఆ పిల్ల ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మనిషి ఒక్క పూటలో పోతాడు. పేరు పోవడానికి మూడు తరాల కాలం పడుతుంది. మా ఇంట్లో ఆ మూడో తరం నేనే.